యుద్ధ హెలికాప్టర్ సిమ్యులేటర్ తయారీ: ముందు గాల్లో నిలబెట్టండి, గన్ను తర్వాత

"అన్నా, హెలికాప్టర్ గేమ్ చేస్తున్నాం, ఒకసారి చూడవా" అని బెంగళూరులో మారతహళ్లి, కుందలహళ్లి చుట్టుపక్కల మన తెలుగు కుర్రాళ్ళు తరచూ అడుగుతుంటారు. చూపించేది మాత్రం మిస్సైల్ పేలే వీడియో. "సరే, నేల మీంచి మూడు మీటర్లు లేపి అక్కడే ఒక నిమిషం నిలబెట్టు" అంటే హెలికాప్టర్ లిఫ్ట్‌లా పైకి పోతుంది, లేదంటే బొంగరంలా తిరుగుతుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

నేనూ అదే తప్పు చేశాను. మేం నలుగురం ఎనిమిది నెలలు కొండలు, కాక్‌పిట్, పొగ, పేలుళ్ళు చేసుకుంటూ పోయాం. తర్వాత ఫ్లైట్ మోడల్, అంటే హెలికాప్టర్ ఎలా ఎగరాలో లెక్కకట్టే కోడ్, మార్చాల్సి వచ్చి దాదాపు అన్నీ తిరగరాశాం. అందుకే ఇందులో ఏం చేయాలో ఎంత చెప్పానో, ఏది ముందు చేయాలో అంతకంటే ఎక్కువ చెప్పాను.

## 1. కోడ్ ముట్టుకోకముందు

నిజమైన హెలికాప్టర్ పేరుతో మొదలుపెట్టకండి. ట్రేడ్‌మార్క్ తలనొప్పి ఒకటైతే, అసలు లెక్కలు దొరక్కపోవడం ఇంకొకటి. మీదే ఒక ఊహా హెలికాప్టర్ పెట్టుకుని, నమ్మదగిన అంకెలు ఇవ్వండి. ఈ వ్యాసమంతా నేను వాడేవి ఇవి:

- బరువు 5000 కిలోలు
- రోటర్ వ్యాసార్ధం 6.5 మీటర్లు, 4 బ్లేడ్లు, బ్లేడు వెడల్పు 0.5 మీటర్లు
- రోటర్ వేగం నిమిషానికి 315 చుట్లు, అంటే సెకనుకు 33 రేడియన్లు
- బ్లేడు కొన వేగం సుమారు సెకనుకు 214 మీటర్లు
- తోక రోటర్ ప్రధాన రోటర్‌కి 7.8 మీటర్ల వెనక

రోటర్ ఎటు తిరుగుతుందో కూడా ఇప్పుడే కాగితం మీద రాసి గోడకి అంటించండి. పైనుంచి చూస్తే అమెరికా యుద్ధ హెలికాప్టర్ అపాచీ రోటర్ అపసవ్యంగా తిరుగుతుంది, మన చేతక్ హెలికాప్టర్‌ది సవ్యంగా. ఏ పెడల్ తొక్కాలి, హోవర్‌లో (గాల్లో ఒకేచోట నిలబడినప్పుడు) ఎటు వాలుతుంది అన్నవన్నీ దీన్నిబట్టే. మా టీమ్‌లో ఒకడు ఒక దిక్కు, ఇంకొకడు ఇంకో దిక్కు అనుకుని రెండు వారాలు కొట్టుకున్నారు.

సమాచారం విషయంలో ఒక హెచ్చరిక. ఈ ఊళ్ళో ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ రక్షణ రంగంలో పనిచేసే బావో బాబాయో ఉంటారు. వాళ్ళని ఏమీ అడగకండి. అధికార రహస్యాల చట్టం 1923 నాటిదే అయినా ఇంకా అమల్లోనే ఉంది. బహిరంగంగా దొరికేదే బోలెడుంది. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ హెలికాప్టర్ పైలట్ల చేతిపుస్తకం ఉచితం. సిమ్యులేషన్ కోసమే తయారుచేసిన హెలికాప్టర్ గణిత నమూనాలను నాసా 1980లలో నివేదికలుగా ప్రచురించింది. ఆ నివేదికల్లోని సమీకరణాలు చాలు.

## 2. సరంజామా

గేమ్ ఇంజిన్ విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. అన్‌రియల్, యూనిటీ, గోడో, ఏది చేతికి అలవాటైతే అది. ఫ్లైట్ మోడల్‌ని మాత్రం ఆ ఇంజిన్ ఫిజిక్స్‌లో కలపకుండా విడి లైబ్రరీగా రాయండి. బొమ్మలు లేకుండా, కమాండ్ లైన్‌లో కూడా అది నడవాలి. ఎందుకో పరీక్షల దగ్గర చెప్తాను. సొంతంగా రాసే ఓపిక లేకపోతే జేఎస్‌బీసిమ్ అనే ఓపెన్ సోర్స్ ఫ్లైట్ మోడల్‌లో రోటర్ భాగం ఉంది, చదువుకోవడానికి కూడా పనికొస్తుంది.

జాయ్‌స్టిక్, పెడల్స్ లేకుండా మొదలుపెట్టొద్దు. కీబోర్డుతో ట్యూన్ చేసిన హెలికాప్టర్ కీబోర్డుకే సరిపోతుంది. డబ్బు తక్కువైతే ఎలక్ట్రానిక్ విడిభాగాలు దొరికే ఎస్పీ రోడ్డుకి వెళ్ళండి. ఏటీమెగా 32యూ4 చిప్ ఉన్న చిన్న ఆర్డ్యునో బోర్డు, అయస్కాంతం కదలికని పసిగట్టే హాల్ సెన్సర్లు, అయస్కాంతాలు, నాలుగు బేరింగులు కొంటే పెడల్స్, కలెక్టివ్ లివర్ (బ్లేడ్లన్నిటి కోణాన్ని ఒకేసారి పెంచి హెలికాప్టర్‌ని పైకి లేపేది) ఇంట్లోనే చేసుకోవచ్చు. ఆ బోర్డు కంప్యూటర్‌కి జాయ్‌స్టిక్‌లాగే కనిపిస్తుంది. చవగ్గా వస్తుందని పొటెన్షియోమీటర్ కొనకండి, కొన్నాళ్ళకి అరిగి వణుకు మొదలవుతుంది. ఆ వణుకుని ఫ్లైట్ మోడల్ బగ్ అనుకుని రాత్రుళ్ళు వెతుకుతారు.

## 3. అక్షాలు, కాలం

విమాన గణితంలో ముందుకి ఒకటో అక్షం, కుడికి రెండోది, కిందికి మూడోది. అన్‌రియల్‌లో పైకి మూడోది, కొలత సెంటీమీటర్లలో. యూనిటీలో పైకి రెండోది. లోపలంతా విమాన పద్ధతి, మీటర్లు, రేడియన్లు, న్యూటన్లే వాడి, బయటికి పంపేటప్పుడు ఒకే ఒక ఫంక్షన్‌లో మార్చండి. ఎత్తుకి అడుగులు, వేగానికి నాట్లు తెర మీద అంకెలకు మాత్రమే.

ఇక టైమ్‌స్టెప్, అంటే లెక్క ఒక్కో అడుగులో ఎంత కాలం ముందుకి జరగాలన్నది. మన రోటర్ సెకనుకు 5.25 చుట్లు, అంటే 1890 డిగ్రీలు తిరుగుతుంది. సెకనుకు 60 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేముకి బ్లేడు 31 డిగ్రీలకు పైగా దూకేస్తుంది. అంత పెద్ద అంగల్లో లెక్క కుదరదు. ఫిజిక్స్‌ని ఫ్రేమ్‌రేటుకి ముడిపెట్టకుండా సెకనుకు 240 స్థిరమైన అడుగుల్లో నడపండి. తెర మీద చూపించేటప్పుడు రెండు అడుగుల మధ్య స్థానాన్ని అంచనా కట్టి చూపించండి. ఇది చేయకపోతే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డున్నవాడి దగ్గర ఒకలా, పాత లాప్‌టాప్‌లో ఇంకోలా ఎగురుతుంది.

## 4. రోటర్

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. చాలామంది రోటర్ స్థానంలో పైకి తోసే ఒక బలం పెట్టి, స్టిక్ ఎటంటే అటు వంచేస్తారు. అది డ్రోన్ అవుతుంది తప్ప హెలికాప్టర్ కాదు.

మొదట ఒక బ్లేడుని హబ్ నుంచి కొనదాకా 10 ముక్కలు చేయండి. చుట్టూ 24 కోణాల్లో ఆ బ్లేడుని నిలబెట్టి, ఒక్కో ముక్క మీద గాలి వేగం, దాడి కోణం (గాలికి బ్లేడు ఎంత వంగి ఉందో), లిఫ్ట్ (పైకి లేపే బలం), డ్రాగ్ (వెనక్కి లాగే బలం) లెక్కించండి. 24 కోణాల సగటు తీసి 4 బ్లేడ్లతో గుణించండి. అడుగుకి 240 లెక్కలు, సెకనుకి 57,600. మామూలు లాప్‌టాప్‌కి ఇది లెక్కలోకే రాదు. ప్రతి బ్లేడునీ విడిగా తిప్పే పద్ధతి ఇంకా నిజం, కానీ దానికి టైమ్‌స్టెప్ చాలా చిన్నది కావాలి. మొదటి గేమ్‌కి ఈ సగటు పద్ధతి చాలు.

రెక్క సెక్షన్‌కి, అంటే బ్లేడు అడ్డుకోత ఆకారానికి, నాకా 0012 అనే ప్రామాణిక ఆకారం డేటా తీసుకోండి. అన్ని దాడి కోణాలకూ బహిరంగంగా దొరుకుతుంది. మామూలు కోణాలకే డేటా పెట్టి ఊరుకుంటే వేగంలో దెబ్బతింటారు. సెకనుకు 70 మీటర్ల వేగంతో ముందుకి పోతున్నప్పుడు ముందుకొచ్చే బ్లేడు కొనకి 284 మీటర్ల గాలి తగిలితే, వెనక్కెళ్ళే బ్లేడు కొనకి 144 మాత్రమే. అటువైపు హబ్ నుంచి 2.1 మీటర్ల దాకా గాలి బ్లేడు వెనక అంచు నుంచే తగులుతుంది. ఆ సంగతి లెక్కలో సహజంగా రావాలి, మీరు విడిగా కోడ్ రాయకూడదు.

తర్వాత ఇన్‌ఫ్లో, అంటే రోటర్ కిందికి తోసే గాలి వేగం. థ్రస్ట్‌ని (రోటర్ పైకి తోసే బలాన్ని), రోటర్ వైశాల్యం, గాలి సాంద్రతల లబ్ధానికి రెట్టింపుతో భాగించి వర్గమూలం తీస్తే హోవర్‌లో ఆ వేగం వస్తుంది. మన హెలికాప్టర్‌కి సముద్ర మట్టం దగ్గర సెకనుకు 12.3 మీటర్లు. ఇది కలెక్టివ్ లాగిన మరుక్షణం మారిపోకూడదు, సెకనులో పదో వంతో, పదిలో రెండు వంతులో ఆలస్యం పెట్టండి. హెలికాప్టర్‌కి ఒళ్ళు ఉన్నట్టు అనిపించేది ఆ చిన్న ఆలస్యం వల్లే.

ఆపైన ఫ్లాపింగ్, అంటే తిరుగుతూనే బ్లేడు పైకీ కిందికీ ఊగడం. బ్లేడు మీద బలం ఒకచోట పెరిగితే, బ్లేడు పైకి లేచేది దాదాపు 90 డిగ్రీలు తిరిగాక. ఫ్లాపింగ్ సమీకరణాన్ని నేరుగా పరిష్కరిస్తే ఈ తేడా దానంతటదే వస్తుంది. అప్పుడు స్టిక్ కదలికని బ్లేడ్లకి అందించే స్వాష్‌ప్లేట్ దగ్గరే 90 డిగ్రీలు ముందుగా కలపాలి. అలా కాకుండా డిస్క్‌నే నేరుగా వంచే సులువు పద్ధతి వాడితే ఏమీ కలపకూడదు. రెండూ కలిపితే స్టిక్ ముందుకి తోస్తే హెలికాప్టర్ పక్కకి దొర్లుతుంది.

ముందుకి వెళ్ళే ముందు ఈ అంకెలు సరిచూసుకోండి:

- సముద్ర మట్టం దగ్గర హోవర్‌లో, వ్యాసార్ధంలో 75 శాతం దగ్గర బ్లేడు పిచ్ (వంపు కోణం) 9 డిగ్రీలకు అటూ ఇటూ
- ఆదర్శ శక్తి 602 కిలోవాట్లు, రోటర్ సామర్థ్యం 75 శాతం అనుకుంటే సుమారు 803
- ఆ శక్తికి రోటర్ టార్క్ (హెలికాప్టర్‌ని తిప్పేయాలని చూసే మెలి) 24 కిలోన్యూటన్ మీటర్లు
- దాన్ని ఆపడానికి తోక రోటర్ తోపు 3.1 కిలోన్యూటన్లు

పిచ్ 3 డిగ్రీలో 20 డిగ్రీలో వస్తే ట్యూనింగ్ నంబర్లతో సరిచేయకండి. ఎక్కడో యూనిట్ తప్పుంది, వెతకండి.

## 5. గాలి సాంద్రతని టేబుల్లోంచి తీసుకోకండి

ఎత్తుని బట్టి సాంద్రత ఇచ్చే ప్రామాణిక పట్టిక 900 మీటర్ల దగ్గర ఘనపు మీటరుకు 1.12 కిలోలు అంటుంది. బెంగళూరు దాదాపు ఆ ఎత్తులోనే ఉంది. కానీ ఆ పట్టిక అక్కడ 9 డిగ్రీల చలి ఉందనుకుంటుంది! మన ఊళ్ళో చలి పొద్దున 20 డిగ్రీలు వేసుకుంటే 1.08 వస్తుంది. మే నెల కర్నూలు ఎండలో, 42 డిగ్రీల దగ్గర వచ్చేదీ దాదాపు అదే 1.08. ఎత్తులో ఇంత తేడా ఉన్న రెండు ఊళ్ళు హెలికాప్టర్‌కి ఒకేలా కనిపిస్తాయన్నమాట.

కాబట్టి పీడనం, ఉష్ణోగ్రత విడిగా తీసుకుని సాంద్రత లెక్కించండి. మిషన్ ఎడిటర్‌లో ఉష్ణోగ్రతకి ఒక స్లైడర్ పెట్టండి. ఆ ఒక్క స్లైడర్‌తో ఆట ఎంత మారుతుందో చూడండి: 1.08 దగ్గర మన హెలికాప్టర్ హోవర్‌కి 855 కిలోవాట్లు కావాలి, 5000 మీటర్ల ఎత్తులో ప్రామాణిక గాలిలో 1036. పైకి పోయేకొద్దీ ఇంజిన్ ఇచ్చే శక్తీ తగ్గుతుంది. అవసరం పెరుగుతుంటే చేతిలోది తగ్గుతుంది. రాకెట్లు నింపుకుని కొండెక్కాలా, ఇంధనం తగ్గించుకోవాలా అని ఆటగాడు తల పట్టుకునేది అక్కడే. దానికోసం విడిగా గేమ్ డిజైన్ చేయనక్కర్లేదు.

## 6. తోక, ఇంజిన్

తోక రోటర్ టార్క్‌ని ఆపుతూనే హెలికాప్టర్‌ని పక్కకి తోస్తుంది. దాన్ని సరిచేయడానికి హోవర్‌లో హెలికాప్టర్ కాస్త వాలి ఉండాలి. మన అంకెలతో 3.1ని 49 కిలోన్యూటన్ల బరువుతో పోల్చితే మూడున్నర డిగ్రీలు. మీ హెలికాప్టర్ హోవర్‌లో బల్లపరుపుగా నిలబడితే తోక రోటర్ బలాన్ని తప్పు చోట పెట్టారని అర్థం.

ఇంజిన్‌ని వివరంగా రాయొద్దు. శక్తికి పరిమితి, స్పందనలో సెకను దాకా ఆలస్యం, రోటర్ వేగాన్ని 100 శాతం దగ్గర ఉంచే గవర్నర్, ఈ మూడు చాలు. కలెక్టివ్ గబుక్కున లాగితే రోటర్ వేగం కాస్త పడి, మళ్ళీ లేవాలి. ఇంజిన్ ఆపేసినా రోటర్ తిరుగుతూనే ఉండేలా, కింద నుంచి వచ్చే గాలి దాన్ని తిప్పేలా ఉందో లేదో చూడండి. ఈ ఆటోరొటేషన్ దానంతటదే పనిచేస్తే నాలుగో భాగంలోని రోటర్‌ని సరిగ్గా రాశారన్నమాట.

## 7. నేల దగ్గర, దిగేటప్పుడు

నేల ప్రభావానికి, అంటే నేల దగ్గర రోటర్‌కి అదనంగా దొరికే థ్రస్ట్‌కి, పాత సూత్రం ఒకటుంది: వ్యాసార్ధాన్ని రోటర్ ఎత్తుకు నాలుగు రెట్లతో భాగించి, వర్గం చేసి, ఒకటిలోంచి తీసేయాలి. థ్రస్ట్‌ని దాంతో భాగించాలి. రోటర్ వ్యాసార్ధమంత ఎత్తులో ఉంటే దాదాపు 7 శాతం లాభం, వ్యాసమంత ఎత్తులో ఒకటిన్నర శాతం. ఎత్తు మరీ తగ్గితే ఈ సూత్రం అనంతానికి పోతుంది. మా హెలికాప్టర్ ఒకసారి కొండవాలు మీద పక్కకి ఒరిగి, రోటర్ నేలకి దగ్గరై, రాకెట్‌లా ఆకాశంలోకి పోయింది. లాభానికి 25 శాతం దగ్గర గరిష్ఠ పరిమితి పెట్టండి. వేగం పెరిగేకొద్దీ ఈ ప్రభావాన్ని తగ్గిస్తూ పోండి.

నిలువుగా దిగేటప్పుడు తన గాలిలో తనే చిక్కుకోవడాన్ని వోర్టెక్స్ రింగ్ అంటారు. నిమిషానికి 300 అడుగులు మించి నిలువుగా దిగొద్దని పైలట్లకు చెప్పేది జాగ్రత్త కోసం. అసలు చిక్కు దిగే వేగం ఇన్‌ఫ్లో వేగంలో సగం దాటాక ముదురుతుంది, అంటే మనకి సెకనుకు 6 మీటర్ల పైన. మామూలు ఇన్‌ఫ్లో సూత్రం అక్కడ పనిచేయదు, థ్రస్ట్‌ని తగ్గించి, దానికి కొంత గజిబిజి వణుకు కలపాలి. కలెక్టివ్ లాగితే ఇంకా మునగాలి, ముందుకో పక్కకో జరిగితే బయటపడాలి. ఈ రెండూ పనిచేస్తే చాలు.

## 8. స్థిరీకరణ, ట్రిమ్

ముందు ఏ సహాయమూ లేకుండా ఎగరేయండి. కష్టంగా ఉండాలి, కానీ పది రోజుల సాధనతో కుదరాలి. ఆ తర్వాతే స్థిరీకరణ కంప్యూటర్ పెట్టండి. దాని అధికారం స్టిక్ కదలికలో 10 శాతానికి మించనీయకండి. అంతకు మించితే తప్పులన్నీ అది కప్పేస్తుంది.

ఇంట్లో వాడే జాయ్‌స్టిక్‌లో స్ప్రింగ్ ఉంటుంది, వదిలితే మధ్యకొస్తుంది. హెలికాప్టర్‌లో స్టిక్ పెట్టినచోటే ఉండాలి. ట్రిమ్ బటన్ నొక్కగానే అప్పటి స్థానాన్ని కొత్త మధ్యగా తీసుకుని, ఆటగాడు స్టిక్‌ని మధ్యకి తెచ్చేదాకా కదలికలను పట్టించుకోకండి. లేకపోతే ట్రిమ్ నొక్కిన ప్రతిసారీ హెలికాప్టర్ ముక్కు రెట్టింపు వంగుతుంది. కలెక్టివ్‌ని తిరగేసుకునే సెట్టింగు కూడా ఇవ్వండి. థ్రాటిల్‌ని ముందుకి తోసేవాళ్ళు, లివర్‌ని పైకి లాగేవాళ్ళు ఎప్పటికీ ఒకమాట మీదికి రారు.

## 9. కంటికి ఆధారం

హోవర్ కుదరట్లేదని ఫిర్యాదు వస్తే అందరూ ఫ్లైట్ మోడల్నే అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు నేలది. పైలట్ తను జరుగుతున్నాడో లేదో తెలుసుకునేది గడ్డిపరకలు, రాళ్ళు, గుంటలు చూసే. పైనుంచి అందంగా కనిపించే ఉపగ్రహ చిత్రం మూడు మీటర్ల ఎత్తులో మసకబారిన రంగుల ముద్దవుతుంది. అరచేయంత వస్తువులు కనిపించేలా నేల దగ్గర వివరం పెట్టండి. కొండలు దూరంగా ఉంటాయి కాబట్టి వాటికి తక్కువ ఖర్చు పెట్టినా పర్లేదు.

ఎత్తుల డేటా 30 మీటర్ల వివరంతో యూరప్ వారి కోపర్నికస్‌లోనూ, ఇస్రో వారి భువన్‌లోనూ ఉచితంగా దొరుకుతుంది. మేం పరీక్షకి నంది హిల్స్ వాడతాం. 1478 మీటర్ల కొండ, ఒకవైపు నిట్టనిలువు బండ, చుట్టూ మైదానం, అన్నీ ఒకేచోట ఉన్నాయి. అసలు మిషన్లకి మాత్రం ఊహా ప్రాంతమే మేలు. మెనూలో దేశపటం చూపిస్తే సర్వే ఆఫ్ ఇండియా సరిహద్దులే గీయండి, ఇందులో బేరాల్లేవు.

పెద్ద మ్యాప్ అయితే ఇంకో గొడవ. సాధారణ 32 బిట్ల దశాంశ సంఖ్యకి మూలబిందువు నుంచి 100 కిలోమీటర్ల దూరంలో 8 మిల్లీమీటర్ల లోపు తేడాలు తెలియవు. కాక్‌పిట్ సూదులు వణకడం మొదలవుతాయి. హెలికాప్టర్ కదిలేకొద్దీ ప్రపంచాన్నే వెనక్కి జరిపే పద్ధతి పెట్టండి, లేదా 64 బిట్ల స్థానాలు వాడండి.

## 10. ఇప్పుడు గన్ను

తూటాకి ఫిజిక్స్ వస్తువు సృష్టించకండి. అపాచీ 30 మిల్లీమీటర్ల గన్ తూటా సెకనుకు సుమారు 805 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. 60 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేముకి 13 మీటర్లు! మధ్యలో జీపు ఉంటే తగలకుండా దాటిపోతుంది. పాత స్థానం నుంచి కొత్త స్థానానికి గీత గీసి, ఆ గీతకి ఏదైనా అడ్డం వచ్చిందా చూడండి.

మరిచిపోయేవి మూడు. తూటా వేగానికి హెలికాప్టర్ వేగాన్ని కలపాలి. ఎదురుదెబ్బ గన్ ఉన్నచోట తగలాలి, గరిమనాభి దగ్గర కాదు. చూసే కెమెరా ఒకచోట, గన్ ఇంకోచోట ఉన్నాయి కాబట్టి దూరం తెలియకపోతే గురి తప్పాలి. 70 మిల్లీమీటర్ల గైడెడ్ కాని రాకెట్లకైతే చెదురు తప్పనిసరి. నిలబడి కాల్చినప్పుడు రోటర్ గాలి కూడా వాటిని కాస్త తోస్తుంది. రాకెట్ ప్రతిసారీ గీసిన గీతలో పోతే ఆటగాడికి అరగంటలో విసుగొస్తుంది.

శత్రువుల తెలివి విషయంలో ఒకటే చెప్తాను. వాళ్ళకి మీ హెలికాప్టర్ స్థానం నేరుగా ఇవ్వకండి. చెట్టు, గుట్ట అడ్డం ఉంటే కనపడకూడదు. కనపడ్డాక కూడా రెండు మూడు సెకన్లు తేరుకునే సమయం ఉండాలి. గుట్ట చాటున దాక్కుని తొంగిచూడటమే ఈ ఆటలో సగం పని, దాన్ని వృథా చేయొద్దు.

## 11. శబ్దం

నాలుగు బ్లేడ్లు, సెకనుకి 5.25 చుట్లు, అంటే దడదడ సెకనుకి 21 సార్లు. రోటర్ వేగం పడితే ఈ లెక్కా పడాలి. అనుభవమున్న ఆటగాడు గేజ్ చూడకుండా చెవితోనే రోటర్ వేగం పసిగడతాడు. యలహంకలో రెండేళ్ళకోసారి జరిగే ఏరో ఇండియా ప్రదర్శనకి వెళ్తే, ధృవ్ హెలికాప్టర్లు నడిపే వాయుసేన సారంగ్ బృందం ఎగిరితే, ఆ శబ్దాన్ని ఒళ్ళంతా వినొచ్చు. ఫోన్లో రికార్డు చేస్తే పగిలిపోయి వస్తుంది, ఆటలో వాడటానికి పనికిరాదు, గుర్తుపెట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

## 12. పరీక్ష

ఫ్లైట్ మోడల్ విడి లైబ్రరీ అన్నాను కదా. కోడ్ మార్చిన ప్రతిసారీ బొమ్మల్లేకుండా ఈ పరీక్షలు దానంతటవే నడవాలి:

- మూడు సాంద్రతల్లో హోవర్ శక్తి
- నిలకడ నుంచి గరిష్ఠ వేగం దాకా కావలసిన శక్తి గ్రాఫు. మొదట తగ్గి, 60, 80 నాట్ల మధ్య కనిష్ఠానికి వచ్చి, మళ్ళీ పెరగాలి
- 16 నుంచి 24 నాట్ల మధ్య శక్తి అవసరం స్పష్టంగా తగ్గడం
- కలెక్టివ్ పెంచితే ముక్కు సరైన దిక్కుకే తిరగడం
- ఇంజిన్ ఆపి కలెక్టివ్ దించాక రోటర్ వేగం నిలవడం

ఎక్కువగా వచ్చే జబ్బులు, మందులు:

- హోవర్‌లో ఊగులాట పెరుగుతూ పోతుంది: స్టిక్ కదిపాక తెర మీద కనిపించడానికి ఎంత ఆలస్యమవుతోందో ముందు కొలవండి. ఫ్లైట్ మోడల్ జోలికి తర్వాత వెళ్ళొచ్చు.
- పక్కకి, ముందుకి ఒకే చురుకుతో దొర్లుతుంది: జడత్వ భ్రామకాలు (ఒక్కో దిక్కులో తిరగడానికి ఎంత మొరాయిస్తుందో చెప్పే అంకెలు) సమానంగా ఇచ్చారు. పొడవాటి తోక వల్ల ముక్కు పైకీ కిందికీ కదిలే జడత్వం, పక్కకి దొర్లే జడత్వానికి ఎన్నో రెట్లుండాలి.
- వేగంలో కూడా స్టిక్ మధ్యలోనే ఉంది: ఫ్లాపింగ్ పనిచేయట్లేదు. వేగం పెరిగేకొద్దీ స్టిక్ ముందుకి పోతూ ఉండాలి.
- నేల మీద నిలబెడితే వణుకుతుంది: చక్రాల స్ప్రింగులు మీ టైమ్‌స్టెప్‌కి మించి గట్టిగా ఉన్నాయి. స్ప్రింగు తగ్గించి, డ్యాంపింగ్ పెంచండి.

చివరిది, కోడ్ రాయని మనిషికి స్టిక్ ఇవ్వడం. మా ఇంట్లో ఆ పని చిత్తూరు నుంచి వచ్చి పీజీలో ఉంటున్న తమ్ముడిది. పక్కన కూర్చుని "కుడి పెడల్ తొక్కు" అని చెప్పకండి, నోరు మూసుకుని టెలిమెట్రీ ఫైల్ రాసుకోండి. స్టిక్ ఎక్కడ తడబడింది, ఎన్నిసార్లు ట్రిమ్ నొక్కాడు, ఏ ఎత్తులో భయపడ్డాడు, అన్నీ అందులో ఉంటాయి. మా వాడు పదకొండోసారి దింపగలిగాడు. దింపగానే అడిగిన మొదటి ప్రశ్న, "అన్నా, ఇందులో గన్ను లేదా?"